అబిడ్స్ నుండి నాంపల్లికి: అపరాధ పరిశోధన, కథలోను నిజములోను



హైదరాబాదు నగరమున అబిడ్స్ అను కూడలి కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువులో నుండిన ఆల్బర్ట్ ఆబిద్ అను నతని దుకాణమును బట్టి ఆ ప్రాంతమున కా పేరు వచ్చినది. ఆదివారమునాడు అచ్చటి అంగళ్లు మూసియుండగా, వాని ముందరి కాలిబాటలమీద పాత పుస్తకముల వర్తకులు తమ సరుకు పరచుదురు. ఇంజనీరింగు పాఠ్యగ్రంథముల ప్రక్కన పురాణములు, వాని క్రింద అట్టలు చినిగిన డిటెక్టివు నవలలు కానవచ్చును. బేరమాడి ఆ నవల నొకదానిని సంచిలో వేసికొని పోవువారు పలువురు.

అట్టి నవలలలో తరచుగా కనిపించు కథ యొకటి కలదు. పోలీసు ఉద్యోగము విరమించిన అధికారి యొకడు చిన్న పట్టణమున ఇల్లు కట్టుకొని, పూలమొక్కలకు నీరు పోసికొనుచు కాలము గడుపుచుండును. ఒకనాటి తెల్లవారుజామున పొరుగింట హత్య జరుగును. స్థానిక ఇన్‌స్పెక్టరు తికమకపడును. పెద్దాయన వలదు వలదనుచునే రంగమున దిగును. కడపటి ప్రకరణమున అందరిని ఒక గదిలో కూర్చుండబెట్టి, "హంతకుడు వీడే" అని వ్రేలు చూపును. పాఠకుడు తృప్తితో పుస్తకము మూయును.

అబిడ్స్ నుండి నాంపల్లికి నడిచిపోవచ్చును. అచ్చట రైల్వేస్టేషను కలదు; క్రిమినలు కోర్టులు కలవు; రెడ్‌హిల్సులో నేర పరిశోధనకు సాయపడు ఫోరెన్సిక్ ప్రయోగశాల కలదు. ఆ కోర్టులలో వ్రేలు చూపినంత మాత్రమున పని జరుగదు. "వీడే అని నీ కెట్లు తెలిసినది? తెలిసినదానికి ఋజువేది?" అని అడుగుదురు. పుస్తకమునందలి ఊహకు, న్యాయస్థానమునందలి ఋజువునకు గల ఈ దూరమును గూర్చియే నేటి ప్రసంగము.

ఈ కథలు పుట్టిన తీరు మొదట చూడవలెను. వంగదేశమున ప్రియనాథ ముఖోపాధ్యాయుడు కలకత్తా పోలీసు శాఖలో పనిచేయుచునే, 1892 మొదలుకొని "దారోగార్ దప్తర్" అను పేర తన పరిశోధనా కథలను ప్రకటించెను. తెలుగున కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివు యుగంధరు, అతని సహాయకుడు రాజు ఇంటింట పరిచితులైరి. ఆంగ్లమున అగాథా క్రిస్టీ 1920లో ప్రకటించిన తొలి నవలలోని హెర్క్యూల్ పోయిరో బెల్జియము పోలీసు ఉద్యోగమునుండి విరమించినవాడే. యుద్ధకాలమున కాందిశీకుడై ఒక పల్లెకు వచ్చి, అచ్చటి హత్యా రహస్యమున చిక్కుకొనెను. ఊరిలోనివాడై కూడ ఊరి పక్షపాతములు లేనివాడు, విద్య తెలిసికూడ పదవి లేనివాడు కావుననే ఇట్టి విశ్రాంత ఉద్యోగియందు పాఠకునకు నమ్మకము కలుగును.

ఈ పాత్ర వెనుక నొక నిజమైన మనుష్యుడు కలడు. అతని పేరు జోనాథన్ విచర్. లండను స్కాట్లండు యార్డునందు ప్రసిద్ధికెక్కిన డిటెక్టివు. 1860 జూను నెల చివర ఇంగ్లండులో రోడ్ అను పేరుగల పల్లెలో, నాలుగేండ్లయినను నిండని బాలుని ఒక రాత్రి ప్రక్కమీదినుండి ఎత్తుకొనిపోయి గొంతుకోసి చంపిరి. శవము ఇంటి పెరటి మరుగుదొడ్డిలో దొరికెను. రెండు వారములు గడచిన పిమ్మట విచర్ ఆ యూరికి వచ్చెను. చాకలి పద్దు పరిశీలింపగా, ఆ బాలుని సవతి అక్క కాన్‌స్టెన్సు కెంటుకు గల మూడు రాత్రి అంగీలలో నొకటి కానరాలేదు. ఆమెకు పదునారేండ్లు. ఆ అంగీకి రక్తమంటి యుండుననియు, దానిని ఆమె నాశనము చేసి యుండుననియు విచర్ ఊహించి, ఆమెను అరెస్టు చేసెను.

ఊహ సరియైనదే. కాని అంగీ దొరకలేదు. అతడు రాకమునుపే స్థానిక పోలీసులకు వంటయింటి పొయ్యిగూటిలో రక్తపు మరకలుగల వస్త్రమొకటి దొరికెను. దానిని తిరిగి అచ్చటనే పెట్టి కాపలా కాయబోయి పోగొట్టుకొనిరి. ఆ సంగతి విచర్‌కు తెలుపనులేదు. మేజిస్ట్రేట్లు ఆ బాలికను పూచీకత్తుపై విడిచిరి. కులీన కుటుంబపు బాలికపై నింద మోపెనని పత్రికలు విచర్‌ను దూషించినవి. 1864లో అతడు అనారోగ్యముచే ఉద్యోగము విరమించెను. మరుసటి యేడు, 1865 ఏప్రిలులో, కాన్‌స్టెన్సు తానే ఆ హత్య చేసితినని లండనులో మేజిస్ట్రేటు నెదుట స్వయముగా ఒప్పుకొనెను. ఉరిశిక్ష యావజ్జీవముగా మారెను. ఇరువదేండ్లు చెరలోనుండి 1885లో విడుదలయ్యెను.

విల్కీ కాలిన్సు 1868లో వ్రాసిన "మూన్‌స్టోన్" నవలలోని సార్జెంటు కఫ్ ఈ విచర్ నీడయే. కఫ్ ఉద్యోగము విడిచి గులాబీలు పెంచుకొనును. పిమ్మట తిరిగి పాత చిక్కు విప్పుటకు వచ్చును. ఆ కథయందును మరకపడిన రాత్రి అంగీయే ముఖ్యాధారము. కాని ఒక భేదము గమనింపదగినది. కథలోని కఫ్ మొదట పొరబడి, నిర్దోషియైన యువతిని అనుమానించెను. నిజములోని విచర్ నిజమునే పట్టెను. ఊహించునపుడు ఇద్దరకును ఒకే నమ్మకము. ఆ నమ్మకమును చూచి ఎవరిది సత్యమో, ఎవరిది పొరపాటో నిర్ణయించుట అసాధ్యము. ఋజువు అడుగుట న్యాయస్థానపు మొండితనము కాదు. కఫ్ వంటి తెలివిగలవాని పొరపాటునుండి నిర్దోషిని కాపాడు కంచె యది.

ఆ కంచె కట్టిన చేతులలో భారతీయుల చేతులును కలవు. వ్రేలిముద్రల వర్గీకరణ పద్ధతిని కలకత్తాలో ఎడ్వర్డు హెన్రీ క్రింద పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోసు రూపొందించిరి. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము వెలసెను. స్కాట్లండు యార్డునందు అట్టిది నెలకొన్నది 1901లోనే. విచర్ కాలమున మానవ రక్తమో జంతు రక్తమో నిశ్చయముగా తేల్చు పరీక్షయే లేదు. నేడు నాంపల్లి ప్రయోగశాల వంటి చోట్ల ఒక్క చుక్క రక్తము, ఒక్క వెంట్రుక మాటలాడగలవు. అయితే అవి అచ్చటికి చెడకుండ చేరవలెను.

చేరుట చేరకపోవుట ఎవరి చేతిలో నున్నది? మొదటి గంటలో అచ్చట నున్నవారి చేతిలో. పల్లెలో ఒక దుర్మరణము జరిగిన వెంటనే జనము గుమిగూడుదురు. శవమును వాకిట పరుండబెట్టుదురు, నేల కడుగుదురు, కత్తి నొకరు, తాడు నొకరు తీసి చూతురు. ఇవన్నియు జాలితో చేయు పనులే. కాని కడిగిన నేల తిరిగి చెప్పదు.

అట్టి యూరిలో విశ్రాంతి గొనుచున్న పోలీసు అధికారి యున్నచో అతడు చేయదగిన దేమి? అరెస్టు చేయుటకు, ఇండ్లు సోదా చేయుటకు అతనికి పోలీసు అధికారము లేదు. ఎవరిని గదిలో కూర్చుండబెట్టి ప్రశ్నింపనక్కరలేదు. వాకిలి మూయించి, జనమును దూరముగా నిలిపి, ఠాణాకు కబురంపి, ఎవరెప్పుడు వచ్చిరో కాగితముపై వ్రాసియుంచిన చాలును. ఈ పనికి పోలీసు పింఛను అక్కరలేదు. బడిపంతులు చేయవచ్చును, గ్రంథపాలకుడు చేయవచ్చును. హత్య జరిగినదని తెలిసినవాడు పోలీసులకు తెలుపవలెననుట చట్టము విధించిన బాధ్యత.

శవపంచనామా ఇరుగుపొరుగున నుండు గౌరవనీయులు ఇద్దరు లేక అంతకెక్కువమంది సమక్షమున జరుగవలెనని పాత చట్టమును చెప్పినది. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన నాగరిక సురక్షా సంహితయు చెప్పుచున్నది. ఏడేండ్లు లేక అంతకు మించిన శిక్షగల నేరములందు ఫోరెన్సిక్ నిపుణులు స్థలమునకు వచ్చి ఆధారములు సేకరింపవలెననియు, ఐదేండ్లలోగా రాష్ట్రములు దీనిని అమలుపరుపవలెననియు ఆ సంహిత ఆదేశించినది. పంచులుగా పిలువబడిన గ్రామస్థులు చదువకయే సంతకము చేసిన యెడల, కొన్నియేండ్ల పిమ్మట కోర్టులో "నే నేమియు చూడలేదు" అనవలసివచ్చును. ఆనాడు దోషి తప్పించుకొనుటకు న్యాయమూర్తిని నిందించి ప్రయోజనము లేదు.

పోలీసుల యెదుట చేసిన నేరాంగీకారము సాక్ష్యముగా చెల్లదని 1872 నాటి చట్టము చెప్పినది. దాని స్థానమున వచ్చిన 2023 నాటి చట్టమును అదియే చెప్పుచున్నది. కొట్టి పలికించిన మాట సత్యము కానక్కరలేదని ఆ చట్టమునకు తెలియును. ఊరికిని తెలిసియుండవలెను. బాణామతి, చేతబడి యను అనుమానముతో ముసలివారిని చంపిన ఘోరములు తెలుగునేలమీద జరిగినవి. అచ్చట హతులైనవారికి ఊరే డిటెక్టివు, ఊరే న్యాయమూర్తి, ఊరే తలారి. ఋజువు అడిగినవా డొక్కడున్నను ఒక ప్రాణము దక్కెడిది.

డిటెక్టివు నవలలు చదువవలదని ఎవరును చెప్పనక్కరలేదు. చిన్న వస్తువును శ్రద్ధగా చూచుట, అందరు నమ్మినదానిని మరల ప్రశ్నించుట అవి నేర్పును. అవి నేర్పని దానిని ఈ గ్రంథాలయములోని మరియొక పుస్తకము నేర్పుచున్నది. అది బల్లమీది అరువు రిజిస్టరు. ఒక పుస్తకము కానరానపుడు, "ఫలానావాడే తీసికొని యుండును" అని పదిమంది అన్నను గ్రంథపాలకుడు నమ్మడు. పుట త్రిప్పి, తేదీని, సంతకమును చూచును. ఒక్కొక్కప్పుడు అనుమానింపబడినవాడు ఎన్నడో తిరిగి ఇచ్చివేసినట్లు అందు కనిపించును. పుస్తకము విషయమున పాటించు ఈ న్యాయమును మనుష్యుని ప్రాణము విషయమునను పాటించు గ్రామము, ఇరువదియైదేండ్లు గ్రంథాలయమును నిలుపుకొన్న ఫలమును పొందినదే యగును.