మన చిన్న విచారణ – మన ఆస్తి
(నరసన్నపేటలో చేసిన ప్రసంగ పాఠము)



పెద్ద దేవాలయములను గురించి, వాటి గోపురములను గురించి చెప్పువారు చాలామంది ఉన్నారు. మేము నరసన్నపేట చుట్టుపట్ల పల్లెలవారము. మీ వారసత్వమేమిటని ఎవరైనా అడిగితే మేమేమి చూపగలము?

నేటి ఫ్రాన్సు దేశములోని ఆన్సీ పట్టణము నుండి 1845లో బయలుదేరిన పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు 1846లో విశాఖపట్నం చేరారు. 1886లో విశాఖపట్నం మేత్రాసనమైనది. 1993లో దాని నుండి శ్రీకాకుళం మేత్రాసనం వేరుపడినది. ఇవన్నీ పుస్తకాలలో ఉన్నవి, ఎక్కడికీ పోవు.

కాని గురువులు ఎప్పుడో ఒకసారి వచ్చే రోజులలో, వంశధార పొంగి అదీ లేని రోజులలో, పల్లెలో విశ్వాసమును నిలిపినదెవరు? ఉపదేశిగారు. లాంతరు వెలుగులో జపమాల చెప్పించినది, పిల్లలచేత జపములు వల్లె వేయించినది, చావుబతుకులలో ఉన్నవారి మంచం ప్రక్కన కూర్చున్నది ఆయనే. ఆయన పేరు ఏ పుస్తకములో ఉన్నది?

ఆ మధ్య చెన్నై నుండి ఒక యువకుడు వచ్చాడు. అతని పూర్వులు ఇక్కడి నుండి రంగూను వెళ్లినవారు. ముత్తాతగారి జ్ఞానస్నానం వివరము కావాలన్నాడు. పాత రిజిస్టరు తీశాము. తండ్రి పేరున్నది, తల్లి పేరుండవలసిన చోట చెదలు తిన్న కన్నమున్నది. ఆ పేరు చెప్పగల ముసలమ్మ క్రిందటి ఏడాదే ప్రభువు సన్నిధికి చేరినది. అతడు మారు మాటాడక వెళ్లిపోయాడు. తప్పు చెదలది కాదు, మాది. పెట్టె క్రింద నాలుగు ఇటుకలు పెట్టి ఉంటే సరిపోయేది.

మన జిల్లాలోనే చూడండి. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి శుభ్రము చేసే పనిని తల్లి దగ్గర కూతురు నేర్చుకున్నది. బుడితి ఇత్తడి పని తండ్రి నుండి కొడుకుకు వచ్చినది. చేతి నుండి చేతికి అందినందుననే అవి నిలిచినవి. మన సంగతీ అంతే.

కాబట్టి మూడు పనులు చేయుదము. రిజిస్టర్లకు నకలు వ్రాయించుదము. పేరు చెరిగిన సమాధులమీద, తెలిసినవారుండగానే పేరు తిరిగి చెక్కించుదము. 1960లలో పూజ తెలుగులోనికి రాకముందు లతీనులో జవాబులు చెప్పిన పెద్దలు ఇంకా కొందరున్నారు. వారి ప్రక్కన కూర్చుని, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసుకొందము. వీటికి డబ్బు అంతగా అక్కరలేదు, ఓపిక కావాలి.

పేరు పేరున మనలను ఎరిగిన దేవుడు ఈ పనిలో మనకు తోడైయుండును గాక.