బడికి మనమే పరీక్ష పెడదాం

(ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతి సందర్భంగా వాడలో జరిగిన సభలో ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగం)



బాబాసాహెబ్ జీవితం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఆయన గురించి నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఈ వేదిక మీద ఉన్నారు. నేను పలకా బలపంతో బతికేదాన్ని. వచ్చేది బళ్ళు తెరిచే కాలం. ఇంకొద్ది రోజుల్లో ఆటోలకు మైకులు కట్టుకుని, కరపత్రాలు పట్టుకుని స్కూళ్ళవాళ్ళు మన వాడలోకి వస్తారు. మనవాళ్ళు చెవుల దిద్దులు కుదవపెట్టి ఫీజులు కడతారు. అందుకని ఇవ్వాళ ఒక్క సంగతే మాట్లాడతాను. ఐదారేళ్ళ బిడ్డను ఏ బడిలో వెయ్యాలి? ఆ బడి మంచిదో కాదో చదువురాని తల్లి ఎట్లా తెలుసుకోవాలి?

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. నేను సర్కారు బడి టీచర్ని. మా బడిలో చదివే ఒక పిల్ల తల్లి, మిరపకోతలకు పోయే మనిషి, ఒకరోజు నన్ను దారిలో నిలబెట్టి అడిగింది: "టీచరమ్మా, నా బిడ్డకు బాగానే చెబుతున్నావు. మరి నీ కొడుకు ఏ బడికి పోతున్నాడు?" నా దగ్గర జవాబు లేదు. నా కొడుకు బస్సెక్కి టౌన్లో ప్రైవేటు స్కూలుకు పోతున్నాడు.

ఎందుకు పంపాను? మా అమ్మానాన్నలు వేలిముద్ర వేసినవాళ్ళు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. నా చిన్నప్పుడు మా వాడ బడికొచ్చే అయ్యవారు మా పలక ముట్టుకునేవాడు కాదు. పలక నేలమీద పెట్టమని, బెత్తం కొసతో తప్పు చూపించేవాడు. బాబాసాహెబ్ చిన్నతనంలో బడికి గోనెపట్టా తీసుకుపోయి, ఒక మూల దానిమీద కూర్చున్నాడు. ప్యూను వచ్చి పోస్తేనే నీళ్ళు, లేకపోతే దాహమే. ఆ తర్వాత ఎనభై ఏళ్ళకు కూడా మాకు బెత్తం కొసే మిగిలింది. నా కొడుకుకు అది వద్దనుకున్నాను. అందుకే, అప్పుచేసి బిడ్డను ప్రైవేటుకు పంపే మిమ్మల్ని నేను తప్పుపట్టను. టై, బూటు వేసుకున్న బిడ్డను చూసుకోవాలని మనకు మాత్రం ఉండదా?

మొదట ఒక పేరున్న స్కూలుకు పోయాం. పిల్లవాణ్ణి రంగులు చెప్పమన్నారు, చెప్పాడు. తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టి ఇంటిపేరు అడిగారు. ఎక్కడ ఉంటారన్నారు. కాలనీ పేరు చెప్పాం. నెమ్మదిగా ఫైలు మూశారు. "సీట్లు అయిపోయాయి మేడం" అన్నారు. మా వెనక వచ్చినవాళ్ళకు సీటిచ్చారని తర్వాత తెలిసింది. ఇంకో స్కూల్లో వేశాం. వాడు 3వ తరగతికొచ్చాడు. ప్రోగ్రెస్ కార్డు నిండా ఏ గ్రేడులు. ఒక రాత్రి మా బడి 2వ తరగతి తెలుగు వాచకం చేతికిచ్చి చదవరా అన్నాను. కూడబలుక్కుంటూ రెండు వాక్యాలు దాటలేదు. ఇంగ్లీషు పాఠం మాత్రం గడగడా అప్పజెప్పాడు. అందులో మధ్యన ఒక మాట మీద వేలుపెట్టి ఇదేంటిరా అంటే తెల్లమొహం వేశాడు. ఊరి పిల్లలకు చదువు చెప్పే నాకు, నా బిడ్డకు చదవటం రాదన్న సంగతి మూడేళ్ళు తెలియలేదు. కార్డు చూశాను గాని బిడ్డను చూడలేదు.

ఇది నా ఒక్కదాని కథ కాదు. ప్రథమ్ సంస్థ వాళ్ళు పల్లెల్లో ఇంటింటికీ తిరిగి పిల్లల చేత చదివించి చూస్తారు. అసర్ సర్వే అంటారు దాన్ని. 2024లో దేశం మొత్తంమీద 3వ తరగతి పిల్లల్లో 2వ తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు నూటికి 27 మంది. సర్కారు బళ్ళలో 23 మంది. ప్రైవేటు బళ్ళలో నయమే గాని, అక్కడ కూడా ముగ్గురిలో ఇద్దరికి రావటంలేదు. అంటే బోర్డు మీద ఏం రాసి ఉందో చూస్తే సరిపోదు. లోపల ఏం జరుగుతుందో చూడాలి.

ఇప్పుడు ఫ్లెక్సీల సంగతి. పది ఫలితాలు వచ్చాయంటే సెంటర్లో పిల్లల ఫోటోలు, కిందే 600కి ఇన్ని మార్కులని పెద్ద అంకెలు. "నూటికి నూరు శాతం ఉత్తీర్ణత". దాన్ని చూసి మనం ఒకటో తరగతి బిడ్డను తీసుకుపోతాం. ఆ ఫోటోలోని పిల్లలు ఒకటో తరగతినుంచీ అక్కడే చదివారా? లేక 8వ తరగతిలో ఫీజు తగ్గించి తెచ్చుకున్నవాళ్ళా? వెనకబడిన పిల్లల్ని 9వ తరగతిలో టీసీ ఇచ్చి పంపేశారా? ఫ్లెక్సీ ఇవేవీ చెప్పదు. వడ్లు తూర్పారబట్టి, తాలంతా అవతల పోసి, గింజలు మాత్రం చూపించి "మా చేను ఎంత బాగా పండిందో" అంటే రైతు నమ్ముతాడా? మనం మాత్రం నమ్ముతున్నాం.

ఇంకో కిటుకు ఉంది. ఇంట్లో చదువుకున్న తల్లిదండ్రులుండి, సాయంత్రం ట్యూషనుండి, కడుపునిండా తిని వచ్చే పిల్లలు ఏ బడిలో వేసినా చదువుతారు. ఆ మార్కులు సగం ఇంటివి, సగం బడివి. మరి బడి వాటా ఎంతో ఎట్లా తెలుస్తుంది?

దీన్ని మన ఉమ్మడి రాష్ట్రంలోనే తేల్చి చూశారు. 2008లో విశాఖపట్నం, తూర్పు గోదావరి, కడప, మెదక్, నిజామాబాద్ జిల్లాల్లో 180 గ్రామాలు తీసుకున్నారు. ప్రైవేటు బడికి పోతామని అడిగిన పేద కుటుంబాల పిల్లలకు లాటరీ తీశారు. చీటీ వచ్చినవాళ్ళకు ఫీజు కట్టి ప్రైవేటులో చేర్చారు. రానివాళ్ళు చాలామంది సర్కారు బడిలోనే ఉన్నారు. లాటరీ కాబట్టి రెండు గుంపుల్లోనూ ఒకేరకం ఇళ్ళ పిల్లలు. నాలుగేళ్ళ తర్వాత పరీక్ష పెడితే తెలుగులో, లెక్కల్లో తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు చాలా ముందున్నారు. ఎందుకంటే సర్కారు ప్రాథమిక బడిలో హిందీ చెప్పేవాళ్ళే కాదు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2015లో దీన్ని అచ్చువేశారు.

ఇది విని సర్కారు టీచర్లు చప్పట్లు కొట్టుకోనక్కరలేదు. అదే పరిశోధన ఇంకోమాట కూడా చెప్పింది. ప్రైవేటు బళ్ళు ఒక్కో పిల్లవాడి మీద పెట్టే ఖర్చు సర్కారు ఖర్చులో మూడోవంతు కూడా లేదు. తెలుగుకు, లెక్కలకు మనకంటే తక్కువ టైమిచ్చి కూడా మనతో సమానంగా తెచ్చారు. వాళ్ళ టీచర్లు చాలీచాలని జీతానికి చాకిరీ చేస్తున్నారు, నిజమే. కాని పూర్తి జీతం తీసుకునే మేం, మీ పిల్లలకు అంతకు మించి ఏం ఇచ్చామని అడిగే హక్కు మీకుంది. అడగండి. నా కులం టీచరైనా, నా సంఘం టీచరైనా అడగండి. మనవాళ్ళని మొహమాటపడితే నష్టపోయేది బిడ్డ.

ఇక చేర్చుకోవటం సంగతి. 1882లో హంటర్ కమిషన్ ముందు జ్యోతిరావు ఫూలే ప్రాథమిక విద్య నిర్బంధం చెయ్యమని అడిగాడు. 1950లో రాజ్యాంగం పదేళ్ళలో చేస్తామని రాసుకుంది. 2002లో గాని అది ప్రాథమిక హక్కు కాలేదు. 2009లో చట్టం, 2010 ఏప్రిల్ 1నుంచి అమలు. ఇంతకాలం పట్టిన చట్టంలో మనకేముందో కనీసం తెలుసుకోవాలి.

ఆ విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటో తరగతి బిడ్డకు పరీక్ష పెట్టకూడదు. తల్లిదండ్రుల్ని ఇంటర్వ్యూ చెయ్యకూడదు. ఎక్కువమంది వస్తే లాటరీ తియ్యాలి, అంతే. పరీక్ష పెడితే మొదటిసారి 25 వేలదాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేలదాకా జరిమానా. డొనేషన్ తీసుకుంటే దానికి పదింతలదాకా జరిమానా. పుట్టినతేదీ కాగితం లేదని చేర్చుకోకుండా ఉండకూడదు. సర్కారు బడికి మారేటప్పుడు టీసీ ఆలస్యమైందని కూడా ఆపకూడదు. మా ఫైలు మూసినరోజు ఇవేవీ నాకు గుర్తుకు రాలేదు. టీచర్నయ్యుండి కూడా తల వంచుకుని బయటకొచ్చాను. మీరు అట్లా రావద్దు. రానివ్వనంటే ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వరు. అప్పుడు మీరే మండల విద్యాధికారికి అర్జీ రాసి, ముట్టినట్టు సంతకం తీసుకోండి.

ప్రైవేటు స్కూళ్ళు ఒకటో తరగతిలో నూటికి 25 సీట్లు పేద పిల్లలకు, మన పిల్లలకు ఉచితంగా ఇవ్వాలని కూడా ఈ చట్టంలోనే ఉంది. మైనారిటీ స్కూళ్ళు మినహా మిగతా స్కూళ్ళన్నీ ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు తేల్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లో పదేళ్ళు అది అమలు కాలేదు. 2022లో జీవో వచ్చింది. అందులో ఎస్సీలకు 10, ఎస్టీలకు 4 శాతం. మిగతావి అనాథలకు, వికలాంగులకు, ఇతర పేదలకు. కాని ఆ ఫీజు అమ్మఒడి డబ్బులోంచి తల్లే కట్టాలని మెలిక పెట్టారు. తల్లి చేతికిచ్చింది స్కూలుకు మళ్ళించటం ఉచిత విద్య ఎట్లా అవుతుంది? చట్టం ప్రకారం ఆ లెక్క ప్రభుత్వమూ యాజమాన్యమూ తేల్చుకోవాలి. ఇది వ్యక్తిగా కాదు, సంఘంగా అడగాల్సిన మాట.

సరే, బడికి పోయి ఏం చూడాలి? చదువురాని తల్లి కూడా అడగగలిగిన ఆరు ప్రశ్నలు చెబుతాను. సర్కారు బడికైనా, ప్రైవేటు బడికైనా ఇవే.

ఒకటి. మూడో తరగతి పిల్లను పిలిచి, ఎప్పుడూ చూడని పేజీ తెరిచి చదవమనండి. చదివింది సొంతమాటల్లో చెప్పమనండి. మీకు చదువు రాకపోయినా, ఆ పిల్లకు వచ్చిందో రాలేదో మొహంలో తెలుస్తుంది.

రెండు. ఒకటో తరగతిలో ఎంతమంది చేరారు, ఐదులో ఎంతమంది మిగిలారు? మిగతావాళ్ళు ఎటు పోయారు?

మూడు. టీచర్లెంతమంది, తరగతులెన్ని? చట్టం ప్రకారం 60 మంది పిల్లలదాకా ఇద్దరు, 90 దాకా ముగ్గురు, 120 దాకా నలుగురు ఉండాలి. పోయిన ఏడాది ఉన్న టీచర్లే ఈ ఏడాదీ ఉన్నారా? ప్రైవేటు స్కూల్లో ఈ ప్రశ్న తప్పకుండా అడగండి.

నాలుగు. మన పిల్లలు ఎక్కడ కూర్చుంటున్నారు? ఊడ్చేది ఎవరు, నీళ్ళు తెచ్చేది ఎవరు? మధ్యాహ్నం అన్నం వండేది ఎవరు? వంటపనిలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. దళిత స్త్రీ వండిన అన్నం అందరూ ఒకే వరసలో కూర్చుని తింటున్నారంటే ఆ బడి సగం పాసయినట్టు.

ఐదు. ఆడపిల్లలకు వాడుకోదగ్గ మరుగుదొడ్డి ఉందా? తాళం ఎవరి దగ్గరుంది?

ఆరు. ఏడాదికి మొత్తం ఎంతవుతుంది? ఫీజు, బస్సు, పుస్తకాలు, బట్టలు, బూట్లు అన్నీ కలిపి ఒక కాగితం మీద రాసివ్వమనండి. గుర్తింపు ఉందా, ఏ తరగతిదాకా ఉందో చూపించమనండి.

ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. వాడలో డిగ్రీ చదివే పిల్లలు దాన్ని సెల్‌ఫోనులో కొడితే ఏ తరగతిలో ఎంతమంది, టీచర్లు ఎంతమంది, గదులెన్ని అన్నీ కనిపిస్తాయి. కుర్రాళ్ళూ, ఈ ఒక్కపని వాడ కోసం చేసిపెట్టండి. కాగితంలో రాసింది ఒకటి, కంటికి కనిపించేది ఇంకొకటి అయితే అదే పట్టుకోండి.

చివరిగా ఒక్కమాట. సర్కారు బడిలో విద్యా కమిటీ ఉంటుంది. అందులో నాలుగింట మూడొంతులమంది తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. మన పిల్లలు ఎంతమంది ఉంటే ఆ లెక్కన మనవాళ్ళూ ఉండాలి. మనం చేసేదేమిటి? ఎవరో సంతకం పెట్టమంటే పెట్టి వస్తున్నాం. 2022లో చాలా ఊళ్ళలో 3, 4, 5 తరగతులు ఎత్తి దూరపు హైస్కూల్లో కలిపితే వాడ బళ్ళు ఖాళీ అయ్యాయి. 2025లో ఆ జీవో పోయింది గాని, పోయిన పిల్లలు అందరూ తిరిగి రాలేదు. కమిటీలో మనగొంతు లేనిచోట బడి మాయమైనా అడిగేవాడుండడు.

ఆ తల్లికి నేనివ్వాల్సిన జవాబు ఉంది కదా. నా కొడుకును 4వ తరగతిలో మా బడికే తెచ్చుకున్నాను. చుట్టాలు నవ్వారు. "టీచరై ఉండి బిడ్డను వాడ బళ్ళో వేసింది" అన్నారు. మా బడి గొప్పదని చెప్పను. ఇద్దరం టీచర్లం, ఐదు తరగతులు. ఒకరు సెలవు పెడితే రెండోవాళ్ళకు కాపలా పనే. కాని ఇప్పుడు పై ఆరు ప్రశ్నలు నేను టీచరుగా వినటమే కాదు, తల్లిగా అడుగుతున్నాను. వాడు ఇప్పుడు చదువుతున్నాడు, నెమ్మదిగా. మిరపకోతలకు పోయే ఆ అక్క ఇవ్వాళ మా కమిటీలో ఉంది. నెలకోసారి వచ్చి 3వ తరగతి పిల్లను నిలబెట్టి పేజీ తెరుస్తుంది. ఆ రోజంటే నాకు నిజంగానే భయం.

ప్రతి టీచరుకూ ఆ భయం పెట్టండి. మన తాతముత్తాతల్ని గుమ్మం అవతల నిలబెట్టి పరీక్షించింది బడి. ఇక మనం గుమ్మం లోపలికి పోయి దాన్ని పరీక్షిద్దాం.

జై భీమ్.