విజ్ఞానశాస్త్ర బోధ: ఇల్లు, బడి
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో నేను పురాణమును గూర్చియో, శతకములను గూర్చియో మాటలాడుదునని పలువురు తలచియుందురు. పొట్టకూటికి నేను వ్రాసినవి గ్రామపు లెక్కలు; నాకు చదువు చెప్పినవి ఈ గ్రంథాలయపు పుస్తకములు. విజ్ఞానశాస్త్రమున నాకు పట్టము లేదు. అయినను మన పిల్లలు ఆ శాస్త్రమును నేర్చు తీరు చూచి, తల్లిదండ్రులును ఉపాధ్యాయులును ఒక్కచోట కూడిన ఈనాడే దీనిని ప్రస్తావింపవలెనని తలచితిని.

ఛాందోగ్యోపనిషత్తున ఉద్దాలకుడను తండ్రియు, శ్వేతకేతువను కుమారుడును కలరు. కుమారుడు పండ్రెండేండ్లు గురుకులమున చదివి, సర్వము నేర్చితినన్న గర్వముతో ఇల్లు చేరెను. తండ్రి ఉపన్యాసముతో సరిపుచ్చలేదు. మఱ్ఱిపండు తెప్పించి, చీల్పించి, లోపలనేమి కనబడుచున్నదని అడిగెను. ఉప్పును నీటిలో వేయించి, మఱునాడు పైననుండియు, నడుమనుండియు, అడుగునుండియు రుచి చూపించెను. అక్కడ బోధింపబడినది బ్రహ్మవిద్య గాని రసాయనశాస్త్రము కాదు. ప్రాచీనులకు నేటి శాస్త్రములన్నియు తెలియునని చాటువారితో నేను చేరను. నేను చూపునది బోధించిన తీరు మాత్రమే. పండు చీల్చినది కొడుకు, నీరు రుచి చూచినది కొడుకు, బదులు చెప్పినదియు కొడుకే. తండ్రి అడుగుచు పోయెను.

మన ఇండ్లలో జరుగునది వేరు. 1980 ఫిబ్రవరి 16వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము సంభవించినది. ఛాయామార్గము మహబూబునగరము, నల్లగొండ జిల్లాల మీదుగా సాగినది. జపాల్-రంగాపూరులోని ఉస్మానియా విశ్వవిద్యాలయపు వేధశాలయందు శాస్త్రజ్ఞులు దానికై కాచుకొనియుండిరి. ఆ అపరాహ్ణమున అదే ఛాయలోనున్న మా ఇంటి తలుపులును, కిటికీలును మూయబడినవి. బాలుడనైన నాకు బయట పక్షులు గూళ్ళకు చేరు సందడి మాత్రము వినబడినది. ఒకే చోట సంపూర్ణ సూర్యగ్రహణము మరల కనబడుటకు సగటున మూడు నాలుగు వందల ఏండ్లు పట్టునని పిదప ఎప్పుడో చదివితిని.

పెద్దలను నిందింపను. సూర్యుని సూటిగా చూచిన కన్ను చెడుననుట సత్యమే. కాని అట్టముక్కకు సూదితో రంధ్రము చేసి, సూర్యునికి వీపు త్రిప్పి నిలిచి, ఆ వెలుగును ఎదుటి కాగితముమీద పడనిచ్చినచో గ్రహణబింబము హానిలేక కనబడును. వేపచెట్టు క్రింద ఆకుల సందులనుండి పడు వెలుగుచుక్కలన్నియు నెలవంకలగును. ఈ మాట బడిలో ఒకరు ముందుగా చెప్పవలసియుండెను. ఇంటిలో ఒకరు విని సమ్మతింపవలసియుండెను. ఈ రెంటిలో ఒకటి జరిగిన చాలదు.

చాలదనుటకు మధ్యప్రదేశములోని నాటి హోషంగాబాదు జిల్లా సాక్ష్యము. 1972లో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అను రెండు సంస్థలు అక్కడి 16 మాధ్యమిక పాఠశాలలలో క్రొత్త బోధన నారంభించినవి. పిల్లలు చిన్న గుంపులుగా కూర్చుండి తామే ప్రయోగములు చేసెడివారు. పొలములకు పోయి ఆకులను, పురుగులను పరిశీలించెడివారు. ఉపాధ్యాయులకు ప్రత్యేక శిక్షణ యుండెను. పరీక్షలో పుస్తకము తెరచి చూచుకొనవచ్చును, ప్రయోగపరీక్షయు ఉండెను. సవాలీరామ్ అను కల్పిత వ్యక్తికి పిల్లలు తమ సందేహములను ఉత్తరములుగా వ్రాసెడివారు; వారికి జవాబులు వచ్చెడివి. నాకు మిక్కిలి నచ్చినది ఇదియే. తెలియని ప్రశ్న ఎదురైనపుడు గద్దించి కూర్చుండబెట్టు ఉపాధ్యాయుని మనమెల్లరము ఎరుగుదుము. ప్రశ్నోపనిషత్తులోని పిప్పలాద మహర్షియంతటివాడే తనకు తెలిసియున్నచో చెప్పెదనని శిష్యులతో ననెను. బడిపంతులుకు ఆ మాట చిన్నతనమెట్లగును?

1978లో ఆ పద్ధతి జిల్లా యంతటికిని వ్యాపించినది. 2002లో ప్రభుత్వము దానిని నిలిపివేసినది. పిల్లలు పదవ తరగతి పరీక్షలలో వెనుకబడుచున్నారన్న ఆక్షేపణ దానికి ముందు బయలుదేరినది. ఆరు మొదలు ఎనిమిది తరగతులవరకే ఆ పద్ధతి. పైతరగతులలో పాత చదువే. ముప్పది యేండ్లు సాగిన ఉపాధ్యాయుల శ్రమ మార్కుల ప్రశ్నముందు నిలువలేకపోయినది. బిడ్డ బడినుండి రాగానే మనమడుగునదియు మార్కులనే గదా!

ఎన్నో బళ్ళలో ప్రయోగసామగ్రి బీరువాలో తాళము వేయబడియున్నది. గాజుగొట్టము పగిలినచో తాను జవాబుదారి కావలెనని ఉపాధ్యాయుని భయము. ఆ భయము అసహజము కాదు. కావున, పగిలినదాని వెల తల్లిదండ్రులమే చందాలతో భరింతుమని ఈ సభలోనే వ్రాసి ఇచ్చుట మంచిదని నా మనవి. లెక్క నేను వ్రాసెదను.

ఇంటి పని ఇంతకన్న సులభము. విత్తుటకు ముందు నూరు గింజలను తడిబట్టలో చుట్టి, మొలకలు లెక్కించు రైతులు మనలో కలరు. ఆ లెక్కింపును బిడ్డకు విడువుడు. ఎనుబది మొలచి ఇరువది ఏల మొలవలేదో ఊహింపనిండు. ముప్పదిమూడు అడుగుల చదరము ఒక గుంట, నలువది గుంటలు ఒక ఎకరము. తాడు పట్టి మీ మడిని కొలువుమని ఆడపిల్లకును మగపిల్లవానికిని సమముగా చెప్పుడు. కొలత తప్పినను కోపింపక, మరల కొలువుమనుడు.

2031 మే 21వ తేదీన కేరళ, తమిళనాడుల మీదుగా కంకణ సూర్యగ్రహణము పోవును. మనకది పాక్షికముగా కనబడును. అప్పటికి వేసవి సెలవులు, బడి మూసియుండును. ఆనాడు గ్రంథాలయపు తలుపులు తెరచి, పిల్లలకు అట్టముక్కలును సూదులును సిద్ధపరుపవలెనని కార్యదర్శిగారిని కోరుచున్నాను.