మరుపు జబ్బూ, మన రెండు భాషలూ

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము డాక్టర్లం కాము. ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకునేవాళ్లం. అయినా ఈ రోజు మెదడు గురించి నాలుగు మాటలు మనవి చేయదలచాం. కారణమేమంటే, ఈ విషయంలో మన హైదరాబాదులోనే జరిగిన ఒక పరిశోధన మన ఇళ్లకూ, మన బడులకూ నేరుగా సంబంధించినది.

ఇంట్లో దాదీయో నానాయో చెప్పిందే మళ్లీ చెప్తుంటే, పొద్దున తిన్నది మధ్యాహ్నానికి మరచిపోతే, "సఠియా గయే" అని నవ్వి ఊరుకోవడం మనలో అలవాటు. వయసు మీద పడితే కొంత మరుపు సహజమే. అయితే పక్కింటాయన పేరు చప్పున గుర్తుకు రాకపోవడం వేరు, ముప్పై ఏళ్లు నడిచిన బజారులో ఇంటి దారి తప్పడం వేరు. ఈ రెండోది జబ్బు. ఇలాంటి జబ్బులన్నిటినీ కలిపి డిమెన్షియా అంటారు. వాటిలో ఎక్కువగా కనబడేది ఆల్జైమర్స్. 1906లో జర్మనీ డాక్టరు అలోయిస్ ఆల్జైమర్ దీన్ని మొదట వివరించాడు గనుక ఆయన పేరే దానికి నిలిచిపోయింది. ఇందులో మెదడు కణాల బయట అమిలాయిడ్ అనే ప్రోటీన్ గడ్డకడుతుంది, కణాల లోపల టౌ అనే మరో ప్రోటీన్ చిక్కుపడుతుంది. హిప్పోకాంపస్ అనే భాగం సాధారణంగా తొలిదశలోనే దెబ్బతింటుంది. కొత్త విషయాన్ని జ్ఞాపకంగా నిలిపేది అదే. అందుకనే నిన్నటి మాట పోతుంది, చిన్ననాటి మాట మిగులుతుంది.

ఇక పరిశోధన సంగతి. పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో నరాల వైద్యురాలు డాక్టర్ అల్లాడి సువర్ణ గారు జ్ఞాపకశక్తి జబ్బుల క్లినిక్కు నడిపారు. తర్వాత బెంగళూరు నిమ్హాన్స్‌లో ప్రొఫెసరయ్యారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం భాషాశాస్త్రవేత్త దుగ్గిరాల వసంత గారు, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం థామస్ బాక్ మొదలైనవారితో కలిసి ఆమె 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించారు. వారిలో 391 మంది రెండు గాని, అంతకంటే ఎక్కువ గాని భాషలు మాట్లాడేవారు. ఫలితం 2013లో 'న్యూరాలజీ' అనే వైద్య పత్రికలో వచ్చింది. ఒకే భాష వచ్చినవారికి జబ్బు లక్షణాలు సగటున 61.1 ఏళ్లకు మొదలైతే, రెండు భాషలవారికి 65.6 ఏళ్లకు మొదలయ్యాయి. అంటే నాలుగున్నరేళ్లు ఆలస్యం!

ఇలాంటి ఫలితం 2007లోనే కెనడాలోని టొరంటోలో ఎలెన్ బియలిస్టాక్ బృందానికి వచ్చింది. కాని అక్కడ రెండు భాషలవారిలో చాలామంది వేరే దేశాల నుంచి వలస వచ్చినవారు. ఈ తేడా భాష వల్లనా, వలస వల్లనా అని కొందరు సందేహించారు. హైదరాబాదులో ఆ చిక్కు లేదు. తెలుగు, ఉర్దూ, హిందీ మాట్లాడేవాళ్లు ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లే. చదువు వల్ల వచ్చిన తేడా అందామా అంటే, బడి ముఖం చూడనివారిలోనూ ఈ ఆలస్యం కనబడింది. ఈ మాట చదివినప్పుడు మా మనసు పొంగిపోయింది. వేలిముద్ర వేసే దాదీ ఇంట్లో ఉర్దూ మాట్లాడి, కూరగాయల బండి దగ్గర తెలుగులో బేరమాడుతుందే, ఆ పని కూడా మెదడుకు ఒక కసరత్తేనన్నమాట!

కసరత్తు ఎట్లా అంటారా? రెండు భాషలు వచ్చిన మనిషి నోరు తెరవగానే రెండూ ముందుకొస్తాయి. మెదడు ఒకదాన్ని ఆపి, రెండోదాన్ని పంపాలి. ఎదుటి మనిషి మారితే మళ్లీ మార్చాలి. తాండూరులో షాబాదు బండల వ్యాపారి సేడం నుంచి వచ్చినవాడితో కన్నడం, కూలీతో తెలుగు, కొడుకుతో ఉర్దూ ఒకే గంటలో మాట్లాడతాడు. ఇలా ఏళ్ల తరబడి సాధన చేసిన మెదడుకు కొంత నిల్వ బలం చేకూరుతుందనీ, జబ్బు లోపల మొదలైనా ఆ బలంతో కొన్నాళ్లు నెట్టుకొస్తుందనీ శాస్త్రజ్ఞుల ఊహ. మూడో భాషకు అదనపు లాభం మాత్రం ఈ పరిశోధనలో కనబడలేదు. అయినా తాండూరు బజారులో మూడో భాష అన్నం పెడుతుంది, అది చాలు!

అయితే ఉన్నదున్నట్టు చెప్పాలి. రెండు భాషలు జబ్బును రానీయవని ఎవరూ అనలేదు. ఆరోగ్యంగా ఉన్నవారిని ఏళ్ల తరబడి గమనించిన కొన్ని అధ్యయనాల్లో ఈ లాభం తేలలేదు. చర్చ ఇంకా నడుస్తున్నది. మరోవైపు 2016లో సువర్ణ గారి బృందమే పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలించింది. ఆలోచనాశక్తి మామూలుగా మిగిలినవారు రెండు భాషలవారిలో 40.5 శాతం, ఒకే భాషవారిలో 19.6 శాతం.

మరి మందులు లేవా? ఉన్నాయి. డోనెపెజిల్ వంటి మాత్రలు లక్షణాలను కొంతకాలం తగ్గిస్తాయి, జబ్బును ఆపలేవు. అమిలాయిడ్‌ను తొలగించే లెకనెమాబ్‌కు 2023లో, డోనానెమాబ్‌కు 2024లో అమెరికా పూర్తి అనుమతి ఇచ్చింది. అవి తొలిదశలో ఉన్నవారికే. క్షీణతను కొంత నెమ్మది చేస్తాయి గాని పోయిన జ్ఞాపకాన్ని తిరిగి తేలేవు. మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదమూ ఉంది. కోట్ల రూపాయల పరిశోధన ఇంత దూరం వచ్చి నిలిచినప్పుడు, నాలుగేళ్ల ఆలస్యం అనే మాట ఎంత బరువైనదో మీరే ఆలోచించండి. ఆ నాలుగేళ్లూ ఒక నానీ మనవల్ని పేరు పెట్టి పిలవగలుగుతుంది.

కనుక మా మనవి రెండే. మొదటిది: ఇంట్లో పెద్దవాళ్ల మరుపు పెరుగుతుంటే నవ్వి ఊరుకోకండి, దాచకండి. వికారాబాదులో గాని తాండూరులో గాని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లి చూపించండి. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం వల్ల వచ్చే మరుపు మందులతో నయం కావచ్చు. బీపీ, షుగర్ అదుపులో పెట్టించండి. బీడీ, సిగరెట్ మాన్పించండి. వినికిడి తగ్గితే మిషను పెట్టించండి. ఒంటరిగా మూల కూర్చోబెట్టకండి. ఇలాంటి 14 కారణాలను సరిచేసుకోగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియా కేసులను నివారించడమో, ఆలస్యం చేయడమో వీలవుతుందని 2024లో లాన్సెట్ కమిషన్ లెక్కకట్టింది.

రెండోది: మా వృత్తికి సంబంధించినది. "ఉర్దూ చదివేవాడికి తెలుగు బరువు గదా, సార్" అనే తండ్రులున్నారు. "ఇంగ్లీషు బడిలో వేశాం, ఇంట్లో ఉర్దూ ఎందుకు" అనే తల్లులూ ఉన్నారు. ఇద్దరికీ మా జవాబు ఒకటే. ఏ భాషనూ తీసేయకండి. ఇంట్లో దాదీ భాష మాట్లాడించండి, వీధిలో దోస్తుల భాష మాట్లాడనివ్వండి. ఫీజు లేని ఈ చదువు పిల్లవాడికి ఇవాళ బతుకుతెరువు. ముసలితనంలో వాడి జ్ఞాపకానికి కూడా ఆసరా కావచ్చు.