కోళ్లయింట పరచు ఊక



గ్రంథాలయ రజతోత్సవమున కోళ్ల మాట యేలయని నవ్వకుడు; పేదయింట గుడ్ల రాబడి చిన్నది కాదు. కోడిపిల్లలు చచ్చినచో దిష్టి యందుము గాని, వాని కాళ్లక్రింది తడిని చూడము. తడియందు రక్తపారుడు ప్రబలును. బూజు ఊపిరితిత్తులను చెరచును.

వరిఊక త్వరగా ఆరును, గాన మేలు. వేరుసెనగ పొట్టు బూజు పట్టనిదైన మంచిదే. సన్నని రంపపుపొట్టును కోడిపిల్లలు మేతయని తినును, అది వలదు. ఊకను 2, 3 అంగుళముల మందమున పరచి, తరచు కలియబెట్టవలెను. నీరొలికిన చోటి ఊకను వెంటనే తీసివేయవలెను. గుడ్ల గంపలో ఎండు వరిగడ్డి చాలును.

పిడికెడు ఊక నొక్కి చూడుడు: ముద్దకట్టినచో మార్చవలెను, విడిపోయినచో ఉంచవచ్చును. ఈ పరీక్షకు కాసు ఖర్చు లేదు. తీసిన ఊకయు వ్యర్థము కాదు. పెంటకుప్పలో మగ్గినచో పొలమునకు బలము.