బల్లకు అవతలి వైపు

(మన సంఘం వార్షిక సమావేశంలో "విశ్రాంత జీవితం – పిల్లల సొంత వ్యాపారాలు" అన్న అంశంపై ఒక సీనియర్ సభ్యులు చేసిన ప్రసంగ పాఠం. పలువురి కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాం. – సంపాదకవర్గం)



నన్ను మాట్లాడమన్నప్పుడు కార్యదర్శిగారితో ఒక మాట చెప్పాను. "అయ్యా, ముప్పై నాలుగేళ్లు నోట్‌ఫైలు రాయడం తప్ప నాకు ఉపన్యాసాలు రావు" అని. ఆయన వదల్లేదు. "మీ అబ్బాయి నాచారంలో పరిశ్రమ పెట్టాడు కదా, ఆ కష్టసుఖాలే చెప్పండి. మన సభ్యుల పిల్లలు చాలామంది ఉద్యోగాలు మానేసి సొంత కంపెనీలంటున్నారు. అమ్మానాన్నల గ్రాట్యుటీ మీద, ఇంటి కాగితాల మీద వాళ్ల చూపు పడింది" అన్నారు. మీలో కొందరు నవ్వుతున్నారు. అంటే సంగతి మీ ఇళ్ల దాకా కూడా వచ్చిందన్నమాట.

నేను ఉప్పల్‌లో కాపురం పెట్టింది 1979లో. అప్పటికి మనవైపు ఎన్.జి.ఆర్.ఐ., సర్వే ఆఫ్ ఇండియా, పారిశ్రామికవాడలు, మధ్యమధ్య ఖాళీ జాగాలు. కాస్త అవతల ఇ.సి.ఐ.ఎల్. 1967 ఏప్రిల్‌లో స్థాపించిన ఆ సంస్థకు తొలి మేనేజింగ్ డైరెక్టరు అయ్యగారి సాంబశివరావుగారు. ఎ.ఎస్. రావు నగర్‌కు ఆయన పేరే పెట్టారు. భాభా అణు పరిశోధనా కేంద్రంలో రూపొందిన టి.డి.సి.-12 కంప్యూటరును తయారుచేసి అమ్మింది ఇ.సి.ఐ.ఎల్. వారే. ఈ రోజు కంప్యూటరు అంటే అందరూ మాదాపూర్ వైపు చూపిస్తారు గాని, హైదరాబాదులో ఆ విద్యకు మొదట దీపం పెట్టింది మన తూర్పు దిక్కునే.

అయితే ఇ.సి.ఐ.ఎల్. వెనుక కేంద్ర ప్రభుత్వం ఉంది. వెనుక ఎవరూ లేని చిన్నవాడి సంగతి వేరు. 1981లో పుణెలో మొదలైన ఇన్ఫోసిస్ వారికి కూడా తొలిరోజుల్లో కంప్యూటరు దిగుమతి లైసెన్సు కోసం ఢిల్లీ చుట్టూ తిరగడం, టెలిఫోన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడడం తప్పలేదని నారాయణమూర్తిగారు ఎన్నోసార్లు చెప్పారు. అంతటివారికే అలా ఉంటే, మా రెండోవాడు ఎంత?

వాడు ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, ఎనిమిదేళ్లు ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేశాడు. 2011లో రాజీనామా ఇచ్చి, నాచారం పారిశ్రామికవాడలో ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నాడు. పొలాల్లో బోరు మోటార్లకు పెట్టే ఆటోమేటిక్ స్టార్టర్ల లోపలి ఎలక్ట్రానిక్ కార్డులు వాడి సరుకు. అప్పట్లో వ్యవసాయానికి కరెంటు విడతలు విడతలుగా ఇచ్చేవారు. అర్ధరాత్రి కరెంటు వస్తే రైతు చీకట్లో పొలానికి పరుగెత్తాలి. పాములు కరిచినవారున్నారు, షాకు కొట్టి పోయినవారున్నారు. కరెంటు రాగానే మోటారు దానంతట అదే తిరిగితే రైతు ప్రాణానికి భద్రం. మంచి పనే అనిపించింది. సరేనన్నాను.

మొదటి చిక్కు అద్దె కాగితం. షెడ్డు యజమాని అద్దె తీసుకుంటాడు గాని, అగ్రిమెంటు రాయనంటాడు. అగ్రిమెంటు లేనిదే వ్యాట్ రిజిస్ట్రేషన్ లేదు. అది లేనిదే బ్యాంకులో కంపెనీ పేరిట ఖాతా లేదు. ఖాతా లేనిదే కొనేవాడు ఆర్డరివ్వడు. ఒక కాగితం కోసం మూడు నెలల అద్దె ఊరికే కట్టాం. తర్వాత 2012లో పవర్ హాలిడేలు వచ్చాయి. వారంలో కొన్ని రోజులు పరిశ్రమలకు కరెంటు బంద్. మల్లాపూర్ నుంచి నడిచి వచ్చే నలుగురు ఆడపిల్లలు సోల్డరింగ్ ఐరన్లు చేతబట్టుకుని కూర్చునేవారు. పని లేకపోయినా జీతం ఇవ్వాలి కదా. రైతుకు కరెంటు లేదని మొదలుపెట్టిన పరిశ్రమకే కరెంటు లేకపోయింది!

ఇక అప్పు. ముడిసరుకు కోసం బ్యాంకులో ఎనిమిది లక్షలు అడిగాం. తనఖా ఏమిటన్నారు. నా ఇల్లు పెట్టాను. నూట యాభై గజాల్లో రెండు గదులు. మా ఆవిడ సంతకం పెట్టేటప్పుడు ఒక్క మాటే అంది: "ఇది ఇల్లు అనుకుంటున్నారు మీరు. నాకిది ముప్పై ఏళ్ల చీటీ డబ్బులు." నేను పట్టించుకోలేదు.

2013లో ఒక పెద్ద కొనుగోలుదారు (పేరు అనవసరం) మా సరుకు తీసుకుని ఏడు నెలలు డబ్బివ్వలేదు. సరుకు బాగాలేదని కాదు. "పై నుంచి రావాలి, వచ్చే నెల చూద్దాం" అంతే. అక్కడ డబ్బు ఆగితే ఇక్కడ వాయిదా ఆగింది. వాయిదా తొంభై రోజులు దాటితే అది మొండిబాకీ. ఒకరోజు మధ్యాహ్నం పోస్ట్‌మన్ రిజిస్టరు కవరు ఇచ్చాడు. 2002 నాటి సర్‌ఫేసీ చట్టం కింద అరవై రోజుల నోటీసు. కట్టకపోతే ఇల్లు స్వాధీనం. చదవడం, కింద సంతకం చూడడం, ఇన్వర్డ్ నంబరు వేయడం నా వృత్తి. నా ఇంటి మీద వచ్చిన కాగితానికి మాత్రం నా చెయ్యి వణికింది.

ఇప్పుడొక సంగతి మీ ముందు ఒప్పుకోవాలి.

ఆ ఏడాదే ఒక కార్యాలయానికి మావాడితో కలిసి ఒక సర్టిఫికెట్టు కోసం నాలుగుసార్లు వెళ్లాను. సీట్లో ఉన్న కుర్రవాడు మర్యాదస్తుడు. లంచం అడగలేదు. వెళ్లిన ప్రతిసారీ ఇంకో కాగితం కావాలన్నాడు. నాలుగోసారి ఉండబట్టలేక, "బాబూ, అన్నీ ఒకేసారి చెప్పకూడదా?" అన్నాను. "ఫైలు చూసినప్పుడు ఏది కనబడితే అది రాస్తాం సార్" అన్నాడు. ఆ మాట విని నోట మాట రాలేదు. ఎందుకంటే ఆ వాక్యం నాది.

1988లో నా సీటుకు రామంతాపూర్ నుంచి ఒక యువకుడు వచ్చేవాడు. టీవీలకు వోల్టేజి స్టెబిలైజర్లు చేసే చిన్న యూనిట్‌కు అనుమతి కావాలి. నేను మొదట ఒక కొర్రీ వేశాను. జవాబు తెచ్చాక రెండోది. అది తీరాక మూడోది. మూడూ నిబంధనల ప్రకారమే. మూడూ మొదటిరోజే వేయగలిగినవే. తర్వాత అతను రావడం మానేశాడు. ఆరు నెలల తర్వాత నేనే రాశాను: "దరఖాస్తుదారు ఆసక్తి చూపనందున ఫైలు మూసివేయడమైనది." పై అధికారి సంతకం పెట్టారు. నా పర్సనల్ రిజిస్టరులో ఒక పెండింగు తగ్గింది. సంతోషించాను కూడా.

నేను సర్వీసులో ఒక్క రూపాయి చెయ్యి చాపి తీసుకోలేదు. ఆ గర్వం నాకుండేది. కాని అతని ఏడాది కాలం తీసుకున్నాను. దాని ఖరీదు ఎంతో నాకు తెలియదు, ఎందుకంటే ఒకటో తారీఖున నా జీతం నాకు వచ్చేది. బల్లకు ఇవతల కూర్చున్నవాడికి రోజంటే క్యాలెండర్‌లో ఒక గడి. అవతల నిలబడ్డవాడికి రోజంటే షెడ్డు అద్దె, నలుగురి కూలి, అప్పు మీద వడ్డీ. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. ఆ పూజారిని నేనే.

నోటీసు సంగతికి వస్తాను. అప్పుడు నాకు తెలిసిన విద్య ఒక్కటే – కాగితం. చట్టాలు తెచ్చుకుని చదివాను. 2006 నాటి ఎం.ఎస్.ఎం.ఇ. అభివృద్ధి చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గర సరుకు తీసుకున్నవారు ఒప్పందం ఉన్నా సరే 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే బ్యాంకు రేటుకు మూడింతలు చక్రవడ్డీ. బిల్లుల నంబర్లు, తేదీలు, సరుకు ముట్టినట్టు సంతకాలు అన్నీ పట్టిక వేసి, సెక్షన్లు ఉదహరించి, అక్‌నాలెడ్జ్‌మెంట్‌తో రిజిస్టరు పోస్టు పంపాను. మూడు వారాల్లో సగం డబ్బు వచ్చింది. మిగతాది రెండు విడతల్లో. మధ్యలో లోటు మా కోడలి గాజులు పూడ్చాయి. ఇల్లు నిలబడింది. ఆ కొనుగోలుదారు మళ్లీ ఆర్డరివ్వలేదనుకోండి.

ఇంకొక సంగతి తర్వాత తెలిసి తలపట్టుకున్నాను. చిన్న పరిశ్రమలకు పది లక్షల లోపు అప్పులకు తనఖా అడగరాదని రిజర్వు బ్యాంకు 2010లోనే బ్యాంకులకు ఆదేశాలిచ్చింది. మేం తీసుకున్నది ఎనిమిది లక్షలు! అడగడం తెలియక ఇల్లు పెట్టాను.

తర్వాతి కష్టాలు త్వరగా చెబుతాను. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది. రైతులకు ఎంతో మేలు. అయితే మోటార్లు అదేపనిగా తిరిగితే భూగర్భజలాలు అడుగంటుతాయని, ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం ప్రచారం చేసింది. అది సబబే. మావాడి సరుకు మాత్రం షెడ్డులోనే ఉండిపోయింది. వాడు ఆర్నెల్లు ఆలోచించి, అపార్ట్‌మెంట్లలో సంపు నుంచి ట్యాంకుకు నీళ్లెక్కించి దానంతటదే ఆగే కంట్రోలర్ల వైపు మళ్లాడు. అది కుదుటపడేలోగా కరోనా, ఆ వెనుకే 2021లో ప్రపంచమంతటా చిప్పుల కొరత. కోఠీ గుజరాతీ గల్లీలో నిన్నటి ధర ఇవాళ లేదు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. ఎలాగో నిలబడ్డాడు. కోటీశ్వరుడు కాలేదు. ఇప్పుడు తొమ్మిదిమందికి జీతాలిస్తున్నాడు. ఒకటో తారీఖున ఇస్తాడు, అది నా షరతు.

కాలం మారలేదని నేననను. 2014లో వచ్చిన టి.ఎస్.ఐపాస్ చట్టం పరిశ్రమల అనుమతులకు గడువులు పెట్టింది: భారీ ప్రాజెక్టులకు 15 రోజులు, మిగతావాటికి 30. కొర్రీలు వేసే మావంటివారికి అది ముక్కుతాడు. 2017 నవంబరులో మెట్రో నాగోలు, ఉప్పల్ మీదుగా నడిచింది. ఐ.టి. కంపెనీలు పడమరకే కాక మనవైపూ రావాలని 2020లో గ్రిడ్ విధానం తెచ్చారు. మరోపక్క ఉప్పల్ నుంచి నారపల్లి వైపు 2018లో మొదలైన ఫ్లైఓవరు పనులు ఏళ్ల తరబడి సాగి, ఆ దారిలో సరుకు మోసే ప్రతి ఆటోవాడి ఓపికను పరీక్షించాయి. అనుమతి తొందరగా వస్తే సరిపోదు, డబ్బు కూడా తొందరగా రావాలి. చిన్న పరిశ్రమలు నష్టం వచ్చి మూతపడడం కంటే, రావలసింది రాక మూతపడడమే నేను ఎక్కువ చూశాను.

కాబట్టి పిల్లలు సొంత వ్యాపారమంటే అడ్డుపడకండి. కాని నాలుగు సంగతులు చూసుకోండి.

ఒకటి. ఇంటి కాగితాలు బీరువాలోనే ఉండనివ్వండి. తనఖా లేని అప్పులకు హామీ ఇచ్చే నిధి, సి.జి.టి.ఎం.ఎస్.ఇ., 2000 నుంచి ఉంది. ఆ పథకం కింద ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. కాదంటే ఆ కాదన్నదీ రాతపూర్వకంగానే అడగండి.

రెండు. మొదటి బిల్లు రాయకముందే ఉద్యం రిజిస్ట్రేషన్ చేయించండి. 2020 జులై నుంచి ఉన్న ఈ నమోదుకు రుసుము లేదు. దళారికి డబ్బివ్వకండి.

మూడు. ఎంత పెద్ద కంపెనీ అయినా చెల్లింపు గడువు కాగితం మీద ఉండాలి. సరుకు ముట్టినట్టు సంతకం ఉండాలి. డబ్బు ఆగితే ఫిర్యాదుకని 2017లో సమాధాన్ పోర్టల్ మొదలైంది. గడువులోగా చెల్లించని కొనుగోలుదారుకు ఆదాయపు పన్నులో ఆ ఖర్చు మినహాయింపు దొరకకుండా 2023లో నిబంధన తెచ్చారు. ఉత్తరంలో ఆ ముక్క రాస్తే చాలాసార్లు పని జరుగుతుంది.

నాలుగు. కమ్యుటేషన్ సొమ్ము మొత్తం ఇవ్వకండి. పోయినా మన మందులకు, రెండు పూటల భోజనానికి లోటు రానంత ఇవ్వండి. ఆ అంకె ఇంట్లో అందరి ముందూ చెప్పండి. ముఖ్యంగా ఇల్లాలిని అడిగి ఇవ్వండి.

చివరగా సంఘానికి ఒక విన్నపం. మనలో రెవెన్యూలో, ట్రెజరీలో, వాణిజ్య పన్నుల్లో, కరెంటాఫీసులో పనిచేసినవారున్నారు. ఏ కాగితం ఎక్కడ ఆగుతుందో మనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఆపినవాళ్లం కదా! సంఘం కార్యాలయంలో వారానికొక రోజు ఒక బల్ల వేద్దాం. ఉప్పల్, నాచారం, మల్లాపూర్ కుర్రవాళ్లెవరైనా దరఖాస్తు పట్టుకొస్తే చూసిపెడదాం. రుసుము వద్దు. మొదటి శనివారం నేను కూర్చుంటాను.

ఆ రామంతాపూర్ యువకుడికి ఇప్పుడు అరవై దాటి ఉంటాయి. పేరు గుర్తుంది, చిరునామా లేదు. ఆయనకు తీర్చలేని బాకీ ఆ బల్ల దగ్గర కొంతైనా తీరుతుందేమోనని ఆశ. వచ్చినవారికి కొర్రీలన్నీ మొదటిరోజే, ఒకే కాగితం మీద రాసిస్తాను.