రెండు వాకిళ్ల బడి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



25 ఏండ్లుగా గ్రామమునకు పుస్తకము నందించిన సంస్థయొక్క ఉత్సవమున, పుస్తకము కాని యొక వస్తువును గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోపవచ్చును. కాని నేడు పసిబిడ్డ చేతికి మొదట అందునది పలుచోట్ల పుస్తకము కాదు, సెల్‌ఫోను. అక్షరములు, అంకెలు, పాటలు, కథలు నేర్పెదమని చెప్పు యాపులు అందు నెన్నియో కలవు. అవి మంచివా చెడ్డవా యను వాదము ఇంటింటను జరుగుచునే యున్నది. ఆ వాదమునకు ముందు అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. బిడ్డకు చదువు నేర్పు యాపును ఎవరికొరకు నిర్మింపవలెను? బిడ్డకొరకా, తలిదండ్రులకొరకా? ఇరువురికొరకు నని ఎవరైనను ఉత్తరము చెప్పుదురు. చెప్పుట సులభము, ఆ మాట నిలుపుకొనునట్లు నిర్మించుట కష్టము. ఆ కష్టమెట్టిదో వివరించుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

ఇరువురికొరకు నిర్మించుట తెలుగువారికి క్రొత్త కాదు. 19వ శతాబ్దిలో రూపుదిద్దుకొని తరతరములుగా తెలుగిండ్ల గూళ్లలో నిలిచిన పెద్దబాలశిక్షను తలచుకొనుడు. పేరునకది బాలురది. అందు అక్షరములు, గుణింతములు, చిన్నమాటలు బిడ్డకొరకు. తిథివార నక్షత్రములు, 60 సంవత్సరముల పేర్లు, పద్యములు, లెక్కలు ఇంటిల్లిపాదికొరకు. తాత సంవత్సరము పేరు చూచుకొనుటకు దానిని తెరచినచో మనుమడు ప్రక్కకు చేరెడివాడు. 1947లో ఆరంభమైన చందమామయు నట్టిదే. పిల్లల పత్రిక యనుచునే పెద్దలు దానిని ముందుగా చదివెడివారు. ఒకే పుస్తకముపై రెండు తలలు వంగుటయే ఆ రచనల బలము.

అయితే యాపునకు పుస్తకమునకు లేని శక్తులు మూడు కలవు. అది పలుకును. అది జ్ఞాపకముంచుకొనును. అది పిలుచును. బిడ్డకు మేలైనను కీడైనను ఈ మూడింటినుండియే కలుగును. ఇంకొక చిక్కు కూడ నున్నది. యాపును ఎన్నుకొనువారు, మూల్యము చెల్లించువారు తలిదండ్రులు, వాడునది బిడ్డ. తలిదండ్రులను మాత్రమే మెప్పింపజూచిన యాపు మార్కుల దస్త్రముగా మారును. బిడ్డను మాత్రమే మురిపింపజూచిన యాపు ఆటబొమ్మగా మిగులును.

పెద్దలు ప్రక్కన నుండుట ఎంత ముఖ్యమో తెలుపు నిదర్శనములు రెండు చెప్పదగియున్నవి. అమెరికాలో 1969 నవంబరు 10వ తేదీన సెసమీ స్ట్రీట్ అను బాలల టెలివిజన్ కార్యక్రమము ఆరంభమైనది. జోన్ గాంజ్ కూనీ అను విదుషి దానికి మూలపురుషురాలు. పేదయిండ్ల బిడ్డలు బడికి పోవుటకు ముందే అక్షరములు, అంకెలు నేర్వవలెనని దాని లక్ష్యము. పెద్దలు సయితము కూర్చుండి చూచునట్లు వారికి నవ్వు పుట్టించు హాస్యమును, వారెరిగిన గాయకులను, నటులను అందు చేర్చిరి. మొదటి సంవత్సరపు ఫలితములను పరీక్షించిన బాల్, బోగట్జ్ అను పండితులు, ఎక్కువగా చూచిన బిడ్డలు ఎక్కువ నేర్చిరనిరి. మిక్కిలి నేర్చిన బిడ్డల తల్లులు వారితో కలసి చూచుచు, చూచినదానిని గూర్చి ముచ్చటించుచుండిరనియు గమనించిరి. 1975లో థామస్ కుక్ మొదలగువారు ఆ లెక్కలనే తిరుగదోడి, ఇంటికి వచ్చి ప్రోత్సహించువారు లేని బిడ్డలకు కలిగిన లాభము స్వల్పమని వాదించిరి. లెక్కను తిరిగి చూచినప్పుడు తేలినదేమనగా, ఫలము తెరది మాత్రమే కాదు. తెర ప్రక్కన కూర్చున్న మనుష్యునిది కూడ.

రెండవ నిదర్శనము 2003 నాటిది. పట్రీషియా కూల్ అను శాస్త్రజ్ఞురాలు తొమ్మిది నెలల అమెరికా శిశువులకు చీనాభాషను వినిపించెను. మనుష్యులు ఎదుట కూర్చుండి ఆడించుచు 12 పర్యాయములు పలికినప్పుడు శిశువులు ఆ భాషాధ్వనులను గుర్తించిరి. అవే పలుకులు టెలివిజన్ ద్వారా వచ్చినప్పుడు గుర్తింపలేకపోయిరి. పసితనమున చదువు ముఖమునుండి ముఖమునకు ప్రవహించును. కావున మంచి యాపు తల్లి స్థానము నాక్రమింపరాదు. తల్లిని బిడ్డచెంతకు పిలువవలెను.

ఇక నిర్మాణమునకు వత్తము. ఈ బడికి వాకిళ్లు రెండుండవలెను. మొదటిది బిడ్డ వాకిలి. ఆ వాకిట చదువరాని బిడ్డ ప్రవేశించును గావున వ్రాతతో పనిలేదు. ఏమి చేయవలెనో కంఠస్వరము చెప్పవలెను; ముట్టవలసిన బొమ్మ చిన్నవ్రేలికి తప్పిపోనంత పెద్దదిగా నుండవలెను. తప్పు చేసినచో కర్ణకఠోరమగు ధ్వని చేయక, మరల చేసి చూపవలెను.

తెలుగు లిపి విషయమున నొక ధర్మసంకటము కలదు. అ ఆ ఇ ఈ యను వరుస కంఠస్థము చేయుటకు అనుకూలము. వ్రాతకు మాత్రము అది సులభమైన వరుస కాదు. ర, గ, ద వంటివి లేతవ్రేళ్లకు ముందుగా లొంగును. వ, ప, ష, ఫ ఒకదానినొకటి పోలియుండును. వానిని ఒకేనాడు నేర్పిన బిడ్డ తికమకపడును. ప్రతిబిడ్డయు మొదట పలుకు అమ్మ యను మాటలో వత్తు కలదు. గడప, పలక, తాత యనువానిలో లేదు. ఇవన్నియు నెరిగి నిర్మాత రకారముతో పాఠమారంభించెననుకొనుడు. తండ్రి తెరను చూచి, అకారమైనను నేర్పని బడి యేమి బడి యని యాపును తొలగించును. బిడ్డకు మేలైనది తండ్రికి లోపముగా కనబడును. ఇట్టి చోటనే రెండవ వాకిలి యక్కరకు వచ్చును. ఆ వరుసను ఏల యెన్నుకొంటిమో తండ్రికి రెండుమాటలలో వినిపింపవలెను. అ ఆ ల వరుసను పాటగా పాడించి ఆయన కోరికనును మన్నింపవలెను.

రెండవ వాకిలి తలిదండ్రులది. ఇందు ముఖ్యమైనది బిడ్డ చదువును గూర్చిన నివేదిక. భాగవతమున ప్రహ్లాదుని కథ అందరు నెరిగినదే. హిరణ్యకశిపుడు కుమారుని తొడపై కూర్చుండబెట్టుకొని, గురువులు చెప్పిన చదువేదియో చెప్పుమని లాలించి యడిగెను. అంతవరకు ఉత్తమ జనకుడే. తాను కోరిన ఉత్తరము రాకపోవుటతో గురువులపై కోపించెను, బిడ్డను త్రోసివేసెను. అడుగుట దోషము కాదు. తన మనస్సులోని ఉత్తరము కొరకే యడుగుట దోషము. బిడ్డ నూటికి ఇన్ని తెచ్చుకొనెను, తోటిబిడ్డలలో ఇన్నవవాడు అని మాత్రము చెప్పు నివేదిక ఇంటింట నొక హిరణ్యకశిపుని తయారుచేయును.

గ్రామలెక్కలలో చిట్టా వేరు, ఆవర్జా వేరు. నాటినాటి పద్దులన్నియు చిట్టాలో నెక్కును. ఆవర్జాలో పద్దులు పేరుపేరున కూడి సారాంశము తేలును. బిడ్డ ఎన్నిమారులు తప్పినదో ఆ చిట్టా యాపు పాఠమును సరిదిద్దుకొనుటకు చాలును. తల్లికి చూపవలసినది సారాంశము, అదియు చేయదగిన పనితో గూడ. "నేడు మీ బిడ్డ మేకపిల్ల కథ వినెను. రాత్రి అన్నము పెట్టునప్పుడు ఆ మేకపిల్ల ఏల ఏడ్చెనో అడుగుడు." ఇట్టి యొక్క వాక్యము పది పటములకంటె మేలు. అది తల్లిని తనిఖీదారుగా గాక కథ వినుదానిగా చేయును.

ఆ తల్లికి చదువు రాకపోవచ్చును. తన బిడ్డ యెదుట తన నిరక్షరత బయటపడునను సంకోచముతో ఆమె తెరకు దూరముగా జరుగును. కావున రెండవ వాకిలియు పలుకవలెను, ఆమె మాటలాడు తెలుగులోనే పలుకవలెను. గూగుల్ సంస్థవారు 2019లో బోలో యను పేర నొక యాపును భారతదేశమున వెలువరించిరి; 2020లో అది రీడ్ అలాంగ్ అను పేర తెలుగుతో సహా 9 భాషలలో లోకమునకు వ్యాపించినది. బిడ్డ బిగ్గరగా చదువగా అది విని, తప్పిన మాటను సవరించును. చదువురాని తల్లి చేయలేని పని యది. కాని కథ వినుచు కన్నులు పెద్దవి చేసికొని, తరువాత నేమాయెనని యడుగుట ఆమెకే చేతనగును. ఈ రెండు పనులను పంచియిచ్చుటయే నిర్మాత నేర్పు.

రెండు వాకిళ్ల నడుమ తలుపొకటి యుండవలెను. కొనుగోళ్లు, యాపు వెలుపలికి పోవు దారులు, అమరికలు ఆ తలుపు వెనుక నుండును. కొన్ని యాపులు ఆ తలుపునకు హెచ్చవేత లెక్కను తాళముగా వేయుచున్నవి. పట్టణపు ఇంటికది సరిపోవచ్చును. బడికిపోని తల్లియు, ఎక్కములు వచ్చిన ఎనిమిదేండ్ల కొడుకును ఉన్న యింట, ఆ తాళము కొడుకునకు తెరచుకొనును, తల్లికి తెరచుకొనదు. ఫోనుకు వ్రేలిముద్రతో తెరచుకొను సదుపాయము కలదు గదా, దానిని వినియోగింపవచ్చును. ఒకప్పుడు కాగితముపై వ్రేలిముద్ర వేయుట చదువురానితనమునకు గుర్తు. నేడు అదే వ్రేలు తల్లి యధికారమునకు తాళపుచెవి కాగలదు.

జ్ఞాపకముంచుకొను శక్తినిగూర్చి శాసనములు కలవు. అమెరికాలో 1998 నాటి చట్టము, 13 ఏండ్లలోపు బిడ్డల సమాచారమును సేకరించుటకు తలిదండ్రుల యనుమతి కావలెనన్నది. భారతదేశమున 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టము 18 ఏండ్లలోపు వారినందరిని బాలలుగా నెంచి, తలిదండ్రుల సమ్మతి నిజమైనదని నిర్ధారించుకొనవలెనని విధించినది. ప్రభుత్వము మినహాయించిన సందర్భములలో తప్ప, బాలల వర్తనమును వెన్నాడి గమనించుటను, వారిని గురిచేసి ప్రకటనలు చూపుటను నిషేధించినది. నిర్మాత ఇంకొక యడుగు ముందుకు వేయవలెను. బిడ్డ పేరు, ముఖము, కంఠస్వరము ఫోను దాటి పోనవసరము లేని చోట పోనీయరాదు. ఏమి దాచిరో, ఏల దాచిరో తల్లికి అర్థమగు మాటలలో చెప్పవలెను.

మూడవది పిలుచు శక్తి. దీనిలోనే యపాయము మెండు. నేడు రాకున్న నీ నక్షత్రములు పోవునని బెదరించు యాపులు కలవు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్‌బెట్ అను పండితులు, బొమ్మలు గీయుటయం దిష్టముగల పసివారిలో కొందరికి, గీసినచో బహుమాన పత్రమిత్తుమని ముందుగా చెప్పి యిచ్చిరి. పిదప కొన్నాళ్లకు చూడగా, ఆ బిడ్డలు తక్కినవారికంటె తక్కువగా బొమ్మలు గీయుచుండిరి. ఇష్టమునకు కూలి కట్టినచో ఇష్టము సన్నగిల్లును. కథ ముగిసిన తరువాత మిగులవలసిన బహుమానము కథయే.

కాలపరిమితిని గూర్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన మాట స్పష్టము: ఏడాది నిండని శిశువులకు తెర పనికిరాదు; రెండేండ్లనుండి నాలుగేండ్ల వరకు దినమునకు ఒక గంట మించరాదు, తగ్గిన కొలది మేలు. కావున పాఠము చిన్నదై, తనంతట తాను ముగియవలెను. ఒక కథ వెంట నొక కథ దానంతట నదే మొదలుకారాదు. గ్రామమున ఇంటికొకటే ఫోనుండుట కలదు. అది పగలు తండ్రితో పొలమునకు పోయి, సాయంకాలము వచ్చును. అక్కకు తమ్మునికి వంతు పడును. అట్టి యింట, సంకేతము అందకున్నను పనిచేయు యాపు, ఎవరి పాఠము ఎక్కడ నిలిచెనో వేరువేరుగా నుంచు యాపు కావలెను. "ఇక ఫోను పెట్టి, ఇంటిలో గుండ్రని వస్తువులు మూడు వెదకి అమ్మకు చూపుము" అని పంపివేయు యాపు ఉత్తమమైనది.

సెసమీ స్ట్రీట్ వారు పరీక్షించు పద్ధతియు గ్రహింపదగినది. ఎడ్వర్డ్ పామర్ అను పరిశోధకుడు, బిడ్డకు కార్యక్రమమును చూపుచు, ప్రక్కన నింకొక తెరపై కొన్ని క్షణముల కొకమారు మారు బొమ్మలనుంచెను. బిడ్డ చూపు ఎక్కడ ప్రక్కకు మరలునో అక్కడ పాఠము చప్పబడినదని గుర్తించెడివారు. ఇరువురికొరకు నిర్మించువారు రెండవ పరీక్షయు చేయవలెను. తల్లిని బిడ్డను కలసి కూర్చుండబెట్టి, తల్లి ఎప్పుడు నవ్వెనో, ఎప్పుడు బిడ్డను ప్రశ్నించెనో, ఎప్పుడు లేచి వంటపనికి పోయెనో గమనింపవలెను. ఆమె లేచిపోయిన చోటు పాఠమున లోపమున్న చోటు.

ఇందు గ్రంథాలయమునకు పని యేమని యడుగవచ్చును. ప్రథమ్ బుక్స్ వారు 2015లో స్థాపించిన స్టోరీవీవర్ ద్వారా తెలుగు మొదలగు పెక్కు భాషలలో బాలకథలు ఉచితముగా లభించుచున్నవి. వానిని అచ్చొత్తుకొనను వచ్చును. తెరపై వినిన కథ అచ్చుపుస్తకమై గ్రంథాలయపు అరలో బిడ్డకు మరల కనబడినచో, ఆ బిడ్డ దానిని పాతచుట్టమువలె గుర్తించి చేతికి తీసికొనును. వారమున కొక సాయంకాలము తల్లులను బిడ్డలను ఈ పందిరిక్రిందకు పిలిచి, ఏ యాపు ఎట్టిదో కలసి పరీక్షించుట కార్యవర్గము వారికి అసాధ్యము కాదు. అందులకు కావలసినవి ఒక ఫోను, ఒక చాప, తీరిక గల యొక పెద్దమనిషి.

పలకయైనను, పుస్తకమైనను, ఫోనైనను బిడ్డకు చదువు వచ్చుట ఒకరి ప్రక్కన కూర్చుండుటతో ఆరంభమగును. ఆ ప్రక్కచోటును ఖాళీగా నుంచని యాపే మంచి యాపు. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి, నేడు తల్లి యొడిలో నున్న బిడ్డలు తమ బిడ్డలను వెంటబెట్టుకొని ఈ గడప త్రొక్కుదురు గాక. స్వస్తి.